పీపాకు పేరు పెట్టినవాడు

పీపాలు చేసే ఆ ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. కాకపోతే కుదరదు. ఒకపక్క ఇనుప పట్టీల మీద సుత్తి మోగుతూ, ఇంకోపక్క చెక్క బద్దల మీద చిత్రిక గీరుతూ ఉంటే, అరవకుండా మంచినీళ్ళు కూడా అడగలేరు. అలాంటి ఇంట్లో పుట్టిన ఆడపిల్ల మాత్రం, దగ్గరికెళ్ళి చెవి పెడితే గాని వినపడనంత మెల్లగా మాట్లాడేది. తాతయ్య ఆమెకి గుసగుస అని పేరు పెట్టాడు. బడిలో రాయించిన అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు.

పేర్లు పెట్టడం తాతయ్యకి సరదా. పేర్లు ఎలా పుట్టాయో చెప్పడం ఇంకా పెద్ద సరదా. అందులోనూ పీపా కథ అంటే ఆయనకి ఆకలి కూడా గుర్తుండేది కాదు.

ఇంటి ముందున్న రేకుల షెడ్డులోనే పనంతా. పీపా తయారయ్యాక దాన్ని కొన్నవాళ్ళ ఎదురుగానే పరీక్ష చెయ్యాలి, అది వాళ్ళ పద్ధతి. బయటంతా తడిగుడ్డతో తుడిచి, పొట్టమీదున్న రంధ్రానికి తాతయ్య నోరు ఆనించి, బుగ్గలు పొంగేలా గాలి ఊదేవాడు. సుత్తులు, చిత్రికలు ఆగిపోయేవి. బద్దల మధ్య వెంట్రుకంత సందున్నా సరే, అక్కడ తడి బుడగలు కట్టి సన్నగా కూత వచ్చేది. నాన్న ఆ సందులో ఎండిన జమ్ము ఆకు దూర్చి, పట్టీని సుత్తితో కిందికి దిగ్గొట్టేవాడు. కూత ఆగేది. అప్పుడు తాతయ్య మూతి తుడుచుకుని గొంతు సవరించుకునేవాడు.

"మా ముత్తాతకి ముత్తాత ఒకాయన ఉండేవాడండీ. ఆయన ముక్కు ఇంత పొడుగు. ఆయన కాలంలో దీనికి పేరే లేదు. కుండకి పేరుంది, కడవకి పేరుంది, బానకి పేరుంది, గాబుకి పేరుంది. దీన్ని మాత్రం 'ఆ చెక్కది' అనేవాళ్ళు. ఓ షావుకారు వచ్చి, 'చెక్కలు అతికించి అందులో నూనె పొయ్యమంటావా? నేను పిచ్చివాడిలా కనపడుతున్నానా?' అన్నాడు. ముక్కుతాత జవాబు చెప్పలేదు. నోరుపెట్టి ఊదాడు. అది పీ… అంది. సుత్తి తీసుకుని ఒక్కటిచ్చాడు. పా! అంది. మళ్ళీ ఊదాడు. కిక్కురుమనలేదు. షావుకారు కళ్ళు తేలేసి, 'ఏమిటిది?' అన్నాడు. మా ముక్కుతాత, 'వినపడలేదా? పేరు అదే చెప్పుకుందిగా!' అన్నాడు."

పీ అనేటప్పుడు మూతి ముందుకు సాచేవాడు. పా అనేటప్పుడు అరచేత్తో పీపాని చరిచేవాడు. వెనిగర్ చేసి అమ్మే ఆవిడ ఆ కథ ఎన్నిసార్లు విన్నా మళ్ళీ చెప్పించుకునేది. తాతయ్య ఆమెని 'పులుపు చెల్లెమ్మా' అని పిలిచేవాడు. ఆవిడ, "పేరైతే పెట్టాడు గానీ, నీ ముక్కుతాత పీపాకి మోసే చెవులు పెట్టడం మరిచిపోయాడు అన్నయ్యా. ఎత్తలేక చస్తున్నాం!" అనేది. ఆ మాటకి తాతయ్య ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వేవాడు.

గుసగుస మాటలు నేర్చింది ఆ కథతోనే. బద్దలు చెక్కగా రాలిన రజను మీద కూర్చుని వింటూ పెరిగింది. వాళ్ళ వంశంలో ఒకడు ఒక మాటని పుట్టించాడన్నది ఆమెకి పొద్దున్నే సూర్యుడు వస్తాడన్నంత నిజం.

అందుకే బడిలో భాష టీచరు 'మాట పుట్టుక' అని పోటీ పెట్టి, ఇంట్లో వాడే వస్తువు పేరు ఒకటి తీసుకుని అది ఎలా వచ్చిందో చెప్పాలి అన్నప్పుడు, ఎప్పుడూ వెనక బెంచీలో తల దాచుకునే గుసగుస చెయ్యెత్తింది. టీచరు నమ్మలేక, "ఏమ్మా, బయటికెళ్ళాలా?" అని అడిగింది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఈ సంగతి చెబితే నాన్న ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు.

"నువ్వా? మైకులోనా?"

"మైకు పెట్టడమే మంచిది. లేకపోతే మనకెలా వినపడుతుంది?" అంది అమ్మ.

"ఏం చెప్తావే?" అన్నాడు తాతయ్య.

"నీ కథే. పీపాది."

తాతయ్య మొహం వెలిగిపోయింది. "నాదా! బడిలోనా! అయితే చూడూ, పా అన్నప్పుడు గట్టిగా చరచాలి. అక్కడ బల్ల ఉంటుందా? లేకపోతే చిన్న పీపా ఒకటి పంపిస్తాను." మర్నాటినుంచి గుసగుసకి తర్ఫీదు మొదలైంది. షెడ్డు ఈ చివర ఆమెని నిలబెట్టి, ఆ చివర తాతయ్య నిలబడి, "వినపడలా! ఇంకా! ఇంకా!" అని అరిచేవాడు.

పోటీ రోజున హాలు నిండా పిల్లలు. బయటినుంచి ఒక పెద్ద మాస్టారుని న్యాయనిర్ణేతగా పిలిచారు. ఉద్యోగం మానేసినా చదవడం మానని మనిషి. గుసగుస వంతు వచ్చింది. ఎలా నడిచిందో, మైకు ముందు ఎలా నిలబడిందో ఆమెకే తెలియదు. కానీ ముక్కుతాత నోట్లోంచి రాగానే తాతయ్య గొంతు ఆమెలోకి వచ్చినట్టయింది. పీ… అని మూతి సాచింది. పా! అని బల్ల అదిరేలా చరిచింది. హాలంతా చప్పట్లు. పుట్టి బుద్ధెరిగాక తన గొంతు తనకే తిరిగి వినపడడం అదే మొదటిసారి. భలేగా ఉంది.

పెద్ద మాస్టారు కూడా చప్పట్లు కొట్టాడు. తర్వాత మైకు తన వైపు లాక్కున్నాడు.

"కథ బాగుందమ్మా. చెప్పిన తీరు ఇంకా బాగుంది. కానీ ఇది కథల పోటీ కాదు. పీపా మన దగ్గర పుట్టిన మాట కాదు. ఓడల్లో వచ్చిన పోర్చుగీసువాళ్ళు ద్రాక్షసారా, నూనె పోసి తెచ్చుకునే పెద్ద చెక్కపాత్రని వాళ్ళ భాషలో 'పిపా' అంటారు. వాళ్ళతోపాటు ఆ మాట కూడా దిగింది, మన నోట్లో నానింది. గొట్టానికి వాడే 'పైపు' అన్న మాటకీ, దీనికీ చుట్టరికం ఉంది. నీకెవరు చెప్పారో గానీ, ఇంట్లో విన్నదాన్ని ఒకసారి పుస్తకంలో చూసుకోవాలి, సరేనా?"

ఆయన గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేదేమో, కోప్పడడానికి ఒక మనిషి దొరికేవాడు. వెనక వరసలోంచి ఎవరో "పీ…" అన్నారు. ఇంకో మూలనుంచి "పా!" అని బెంచీ మీద చరిచారు. తర్వాత హాలు హాలంతా పీ… పా! పీ… పా! టీచరు బల్ల మీద స్కేలుతో కొడుతుంటే ఆ చప్పుడూ అందులోనే కలిసిపోయింది. గుసగుస స్టేజీ దిగి, తన వరసనుకుని చిన్నపిల్లల వరసలో కూర్చుంది. అది కూడా వాళ్ళు నవ్వాకే తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి షెడ్డులో మనుషులున్నారు. పులుపావిడ స్టూలు మీద కూర్చుని ఉంది. బట్టలకి రంగులద్దే ఆయన కొత్త పీపా చుట్టూ తిరిగి చూస్తున్నాడు. తాతయ్య సరిగ్గా కథ మధ్యలో ఉన్నాడు. మూతి సాచి "పీ…" అంటూండగా మనవరాలు గుమ్మంలో కనపడింది. ఆయన మొహం చేటంత అయింది.

"ఇదిగో వచ్చింది! ఈ కథే ఇవాళ మా గుసగుస బడిలో మైకులో చెప్పింది. ఏం బహుమతిచ్చారే?"

అంతే. షెడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడాలని తాతయ్యే నేర్పిన గొంతు ఒక్కసారిగా బయటికొచ్చింది.

"అబద్ధాలు చెప్పకు తాతయ్యా! నీ మూలంగా బడి బడంతా నన్ను చూసి నవ్వింది. ఆ మాట మనది కాదు. ముక్కుతాతా లేడు, ఎవడూ లేడు. అది ఓడలవాళ్ళ మాట. నీకు చదువు రాదు కదా, రానప్పుడు తెలీదని ఊరుకోవచ్చుగా! మన ఇంట్లో ఒక్కళ్ళకీ చదువు లేదు కాబట్టే ఇలాంటి పిచ్చికథలు నమ్ముతాం!"

నాన్న చేతిలో సుత్తి గాల్లోనే ఉండిపోయింది. రంగులాయన "పెద్దాయన దొరికిపోయాడే!" అని నవ్వాడు. గుసగుస అవేవీ చూడలేదు. ఆమె చూసింది ఒక్కటే. తాతయ్య మూతి ఇంకా ముందుకు సాచే ఉంది. ఊదడం ఆగిపోయింది, మూతి మాత్రం వెనక్కి రాలేదు. కాసేపటికి ఆయన చేత్తో దాన్ని మెల్లగా తుడుచుకున్నాడు.

ఆ రాత్రి ఆమెని ఎవరూ తిట్టలేదు. అమ్మ మాత్రం పక్క వేస్తూ, "ఇన్నాళ్ళూ నీ నోట్లోంచి మాట ఊడిపడదని దిగులుపడ్డాం. ఊడిపడింది. ఇంక చాలు తల్లీ," అంది.

తాతయ్య అయితే ఆమె దగ్గరికొచ్చి కూర్చున్నాడు. కోపంగా చూస్తాడేమో, ఏడుస్తాడేమో అని గుసగుస బిగదీసుకుని ఉంటే, ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని అడిగాడు.

"ఆ మాస్టారు ఏ దేశం వాళ్ళన్నాడమ్మా?"

'అమ్మా' అన్నాడు. 'ఏమే' అనలేదు.

"వదిలెయ్యి తాతయ్యా."

"లేదులేమ్మా. తెలుసుకోవాలి కదా. పోరు… ఏమిటీ?"

నేలవైపు చూస్తూనే చెప్పింది. ఆయన పెదాలు కదిపి నాలుగైదుసార్లు అనుకున్నాడు. నోరు తిరగలేదు.

మర్నాటినుంచి తాతయ్య పీపా ఊదడం మానేశాడు. "ఊపిరి చాలట్లేదురా," అన్నాడు నాన్నతో. నాన్న ఏమీ అడగకుండా వేడినీళ్ళ పద్ధతిలోకి మారాడు. పీపాలో కాగిన నీళ్ళు కొన్ని పోసి, బిరడా బిగించి, అటూ ఇటూ దొర్లిస్తే లోపలి ఆవిరే సందుల్లోంచి తడిని బయటికి తోస్తుంది. అదీ మంచి పరీక్షే. కానీ దానికి ఎవరూ ఊపిరి బిగబట్టక్కర్లేదు, ఎవరూ పని ఆపక్కర్లేదు. కొన్నవాళ్ళు వస్తున్నారు, చూస్తున్నారు, బండికెక్కించుకుని పోతున్నారు.

బడిలో పిల్లలు ఇంకా పీ… పా! అంటూనే ఉన్నారు. నీళ్ళ కుళాయి దగ్గర ఒకడు, మెట్ల మీద ఇంకొకతె. గుసగుసకి ఆశ్చర్యమేమిటంటే అది అంతగా గుచ్చుకోవడం లేదు. గుచ్చుకునేది ఇంటికొచ్చాకే. షెడ్డులోంచి లోపలికెళ్ళాలంటే తాతయ్య ముందునుంచి వెళ్ళాలి. వెళితే ఆయన, "వచ్చావామ్మా? చదువు బాగా సాగుతోందా?" అని ఎవరో పెద్దమనిషి కూతుర్ని అడిగినట్టు అడుగుతాడు. అది వినలేక చుట్టూ తిరిగి పెరటి గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టింది. తన ఇంట్లోకి తనే దొంగలా. చెప్పులు చేత్తో పట్టుకుని మరీ.

అలా వచ్చిన ఒకరోజు, పెరట్లో చేతులు కడుక్కుంటుంటే షెడ్డులోంచి మాటలు వినపడ్డాయి. సబ్బులు చేసే ఆయన అడుగుతున్నాడు.

"ఏదండీ, మీ ముక్కుతాత కథ? మా తమ్ముడు విని రమ్మన్నాడు."

"అది ఉత్తదేనండీ," అన్నాడు తాతయ్య. "అసలుది మా మనవరాలు చెప్పింది. చదువుకునే పిల్ల. ఇది ఓడల్లో వచ్చిందట. పోరు… పోరుచు… ఆ దేశంవాళ్ళు సారా తెచ్చుకున్నారట. వాళ్ళ భాషలో దీన్ని… దీన్నీ…"

ఆయన వెనక్కి తిరిగాడు. గుమ్మం పక్కన తడి చేతులతో నిలబడ్డ గుసగుస కనపడింది. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లవాడు టీచరు వైపు చూస్తాడే, అలా చూశాడు.

"పిపా అంటారు కదమ్మా? సరిగ్గా చెప్పానా?"

ఆమె తల ఊపింది. సబ్బులాయన "ఓహో" అన్నాడు. అని, "ఇంతకీ సరుకు ఎప్పుడిస్తారు?" అని అడిగాడు.

గుసగుస లోపలికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. చెవులు కాలిపోతున్నాయి. ఆ కథకి ఇన్నేళ్ళలో 'ఓహో' అన్నవాళ్ళు లేరు. తను తాతయ్యని నోరు మూయించింది, అది చాలలేదు. తన పాఠాన్ని ఆయన నోట్లో కుక్కింది. ఆయన దాన్ని మింగలేక, ఉమ్మలేక, అందరికీ అప్పజెప్పుకుంటున్నాడు.

దీనికి ఏదో ఒకటి చెయ్యాలి. తెలిసిన దారి ఒకటే. బడిలో భాష టీచరు దగ్గరికెళ్ళి, మాటల పుట్టుక గురించి ఉన్న లావుపాటి నిఘంటువు ఒకసారి చూడనివ్వమంది. మధ్యాహ్నం తిండి మాని వెతికింది. మాస్టారు చెప్పింది నిజమే. కానీ ఇంకా వెనక్కి, ఓడలకన్నా ముందుకి, లాటిన్ అనే పాత భాషదాకా పోతే, గొట్టం అన్న ఆ మాటే పిట్టపిల్లల కూతలోంచి వచ్చిందని పండితులు రాశారు. పీ పీ అనే కూతలోంచి! గుసగుస కుర్చీలోంచి లేచిపోయింది. సాయంత్రం చెప్పులు కాళ్ళకే ఉంచుకుని ముందు గుమ్మంలోంచి పరిగెత్తింది.

తాతయ్య కూర్చుని జమ్ము ఆకులు ఏరుతున్నాడు. పురుగు పట్టినవి ఒకపక్కకి, మంచివి ఒకపక్కకి.

"తాతయ్యా, నువ్వు చెప్పిందీ నిజమే! చాలా వెనక్కి వెళితే ఆ మాట చప్పుడులోంచే పుట్టిందట. కోడిపిల్ల పీ పీ అంటుందే, అలాంటి చప్పుడు."

"కోడిపిల్లా?"

"అవును. పుస్తకంలో ఉంది."

తాతయ్య ఒక ఆకుని వెలుగులోకి ఎత్తి పట్టి చూశాడు. "అయితే నేను గెలిచానంటావు."

"అవును!"

"వద్దులేమ్మా. ఇవాళ గెలిచానంటావు. రేపు ఇంకో మాస్టారు వచ్చి కాదంటాడు. మళ్ళీ నీకే తలవంపులు." ఆకుని మంచివాటిలో పెట్టాడు. "ఆకలేస్తోందేమో, పో, అమ్మనడుగు."

అక్కడే నిలబడిపోయింది గుసగుస. తను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. ఒక మాట అని మనిషిని పడగొట్టి, ఇప్పుడొక కోడిపిల్లని చేతిలో పెట్టి లేవమంటోంది. ఆయన ఓడిపోయింది మాట ఎక్కడ పుట్టిందన్న దాంట్లో కాదు. చదువు రాదు అని తను నలుగురిలో అన్నదాంట్లో. దానికి ఏ నిఘంటువులోనూ జవాబు లేదు. క్షమించమని అడగాలి. ఆ సంగతి మొదటి రోజునుంచీ తెలుసు. అది తప్పించుకోవడానికే ఇంత లావు పుస్తకం తిరగేసింది.

బడి లేని రోజున పులుపావిడ పీపా తీసుకెళ్ళడానికి బండి మాట్లాడుకుని వచ్చింది. వేడినీళ్ళ పరీక్ష అయింది, కారలేదు. బండివాడూ నాన్నా కలిసి పైకెత్తి ఒకపక్కకి వాల్చేసరికి, లోపల మిగిలిన నీళ్ళు ఒరిగి, అడుగు పలక దగ్గర సన్నగా తడి మెరిసింది. ఒక చుక్క జారింది. ఇంకో చుక్క. అప్పుడే తన సరుకు కోసం వచ్చిన సబ్బులాయన కూడా వంగి చూశాడు. నాన్న చెవులదాకా ఎర్రబడ్డాడు.

"దించు," అన్నాడు బండివాడితో.

"పోనీ నాయనా, లోపలికి తీసుకెళ్ళి నిదానంగా చేసుకో. నాకేం తొందర లేదు," అంది పులుపావిడ.

"వద్దమ్మా. మీ ఎదురుగా కారింది. లోపలికి తీసుకెళ్ళి బాగుచేసి తెచ్చినా, లోపలేం చేశానో మీకెలా తెలుస్తుంది? ఇక్కడే ఆపుతాను. చూడండి." నాన్న అక్కడే, వీధి అరుగు మీదే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "గుసగుసా, ఆకుల కట్ట పట్టుకురా."

ఆమె ఆకుల కట్ట తెచ్చి పక్కన నిలబడింది. నాన్న పట్టీ వదులు చేస్తూ సుత్తి వేస్తున్నాడు. ఆయన మెడ వెనక చెమట. దారినపోయేవాళ్ళు చూస్తున్నారు. నాన్నకి సిగ్గుగానే ఉంది. అయినా తల వంచుకుని అక్కడే చేస్తున్నాడు. తాతయ్య కొంచెం అవతల, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

గుసగుస తాతయ్య వైపు చూసింది. తను ఆ మాట అన్నది కూడా ఇక్కడే, ఈ గుమ్మంలోనే, ఈ పులుపావిడ ముందే. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"తాతయ్యని నేను అలా అనకూడదు," అంది.

సుత్తి చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

"తాతయ్యని నేను అలా అనకుండా ఉండాల్సింది," అంది ఇంకొంచెం గట్టిగా. పులుపావిడ "ఆఁ?" అని చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. గుసగుస కళ్ళు మూసుకుని ఉన్న బలమంతా పెట్టి అరిచింది. సరిగ్గా అప్పుడే నాన్న ఆకు కోసం సుత్తి ఆపాడు.

"తాతయ్యకి చదువు రాదని నేను అనకుండా ఉండాల్సింది!"

వీధి చివర కుక్క ఒకటి మొరిగింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"ఎవరికి చదువు రాదు?" అంది పులుపావిడ కంగారుగా.

"తాతయ్యకి. ఆరోజు… మీ ముందే అన్నాను కదా. మీరు ఉన్నారు. ఆ స్టూలు మీద కూర్చున్నారు."

"నేనా? ఏ రోజు?" ఆవిడ బుగ్గన వేలు పెట్టుకుంది. "నాకేం గుర్తులేదే. నా పాత పీపా పట్టీ వంకరగా ఉందా లేదా అని చూసుకుంటున్నానేమో."

గుసగుస ఇన్ని రోజులూ ఈవిడ ముందే అంతమాట అన్నానని కుమిలిపోయింది. ఈవిడకేమో అసలు గుర్తే లేదు.

"ఇంతకీ ఏమందండీ?" అన్నాడు బండివాడు, చెక్కకి ఆనుకుని తీరిగ్గా.

ఇంక చెప్పక తప్పలేదు. మొదలుపెట్టినదాన్ని మధ్యలో ఎక్కడ ఆపాలో తెలియక, గుసగుస మాట పొల్లుపోకుండా మొత్తం చెప్పింది. అబద్ధాలకోరని అన్నాను. చదువు రాదన్నాను. మన ఇంట్లో ఎవరికీ చదువు లేదు కాబట్టే పిచ్చికథలు నమ్ముతాం అన్నాను. చెబుతూ చెబుతూ ఉంటే తెలిసింది, ఆరోజు విననివాళ్ళు కూడా ఇప్పుడు వింటున్నారని. బండివాడు నాలుక చప్పరించి, "అయ్యయ్యో, పెద్దాయన్ని పట్టుకుని అంతమాటే!" అన్నాడు. సబ్బులాయన, "ఇదా సంగతి!" అన్నాడు. ఎదురింటి కిటికీలో తలలు రెండయ్యాయి.

గుసగుస నోరు మూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మళ్ళీ అనేశాను," అంది చిన్నగా.

"అదే నేనూ చూస్తున్నా!" గోడ దగ్గర్నుంచి తాతయ్య లేచాడు. మొహం కందిపోయి ఉంది. "ఒకసారి అంటే ఊరుకున్నాను. బండి కట్టించి ఊరేగిస్తావేమే? ఆపు ఇంక!"

ఆయన దగ్గరికి రాబోయి, మధ్యలోనే పీపా అంచు మీద చెయ్యివేసి నిలబడిపోయాడు. ఆయన ఎవరి వైపూ చూడడం లేదు.

"నువ్వు కొట్టేది వేరే బద్ద," అన్నాడు మనవరాలితో. "కారేది అక్కడ కాదు."

ఎవరికీ అర్థం కాలేదు.

"మా నాన్న నాకు ఆ కథ చెప్పేటప్పుడు మా అమ్మకి కన్నుకొట్టేవాడు. అది కల్పన అని నాకు నిక్కర్లేసుకునే వయసునుంచీ తెలుసు. ముక్కుతాతకి అంత ముక్కు కూడా లేదు, నేనే పెంచాను." బండివాడు కిసుక్కున నవ్వాడు. తాతయ్య నవ్వలేదు. "ఈ పిల్ల అది నిజమని నమ్మి పోటీకి వెళ్తానంది. అప్పుడే చెప్పాలి, ఉత్తదేనే తల్లీ, ఇంకోటి వెతుక్కో అని. చెప్పలేదు. మైకులో మా ముక్కుతాత పేరు వినపడుతుందని ఆశపడ్డాను. నా సరదాకి దీన్ని తీసుకెళ్ళి బడి మధ్యలో నిలబెట్టాను. అంతమంది నవ్వుతుంటే ఒక్కతే నిలబడింది. అది వచ్చి నాలుగు మాటలందని నాకు కోపమా? నేను దాని మొహం చూడలేక చస్తున్నాను."

"మరి నాతో ఎవరో బయటివాళ్ళతో మాట్లాడినట్టు ఎందుకు మాట్లాడావు?" అంది గుసగుస.

"ఇంకెలా మాట్లాడాలో తోచక."

పులుపావిడ మెల్లగా నడుంమీద చేతులు పెట్టుకుంది.

"ఆగన్నయ్యా. అంటే ఇన్నేళ్ళుగా నాకు చెప్పిందంతా నీ కల్పనా? మా కొత్తల్లుడు ఏదో పెద్ద చదువు చదివానని బడాయి పోతుంటే, నీకిది తెలుసా అని ఆ కథే చెప్పి నోరు మూయించాను! ఇప్పుడు నా పరువేం కాను?"

సబ్బులాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. కిటికీలోవాళ్ళూ నవ్వారు. తాతయ్యా మనవరాలూ మాత్రం ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా చెరో వైపూ చూస్తూ నిలబడ్డారు.

"అందరి పరువులూ తర్వాత చూసుకుందాం," అన్నాడు నాన్న కింద మోకాళ్ళ మీద నుంచి. "ముందు ఆ ఆకు ఎవరైనా ఇస్తారా? ఇది ఇంకా కారుతోంది."

గుసగుస ఆకు అందించింది. నాన్న సందులో దూర్చి పట్టీ దిగ్గొట్టాడు. మళ్ళీ వాల్చి చూశారు. తడి లేదు. పులుపావిడ చీర చెంగుతో అడుగంతా తుడిచి, చెంగు పరీక్షగా చూసుకుని, సరే అంది. బండి కదిలింది. అల్లుడితో ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ ఆవిడ దాని వెనకే నడిచింది.

గుసగుస కింద పడ్డ ఆకుముక్కలు ఏరసాగింది. తాతయ్య కూడా వంగి ఏరబోయి, నడుం పట్టేస్తే అరుగు మీద కూలబడ్డాడు.

"ఆ మాస్టారు ఇల్లు ఎక్కడో నీకు తెలుసా?" అన్నాడు.

"ఎందుకు?"

"వెళ్ళి చెప్పాలి. కథ నాది, ఆ పిల్ల అల్లింది కాదు అని."

"వద్దు తాతయ్యా. ఆయన మర్చిపోయి ఉంటారు."

"నిన్ను మర్చిపోడు. అంత గట్టిగా బల్ల చరిచాక." ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్ళలో చెక్కరజను. "సిగ్గేస్తోందా?"

"ఊఁ."

"నాకూ ఏస్తోంది. పుస్తకాలవాళ్ళ ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో కూడా తెలీదు నాకు."

గుసగుస ఆకుముక్కలు కట్టలో పెట్టింది. తర్వాత లోపలికెళ్ళి, మాస్టారింటికి వేసుకెళ్ళడానికి కుంకుడు రసంతో ఉతకాలి, తాతయ్య మంచి చొక్కా ఎక్కడుందని అమ్మని అడిగింది. అమ్మకి వినపడలేదు. ఇంకోసారి అడిగింది.